ఈగకాలు గడ్డికి పాదు చేసిన రోజు

అడవి పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని అడిగారు. పనికొచ్చేవన్నీ మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. నేను చెప్పేది నేను పాడుచేసిన పని సంగతి. బస్సు మీది బోర్డు కూడబలుక్కోవడం వరకే నా చదువు. నేను చెప్తుంటే నా చిన్నబిడ్డ రాస్తున్నది.

మా పుట్టిల్లు కురవి దగ్గర. భూపాలపల్లి వైపు అడవి అంచున ఉన్న ఊరికి ఇచ్చారు. మా ఆయన అడవిలో వాచరు. ఎండాకాలం మంటలు ఆర్పేవాడు, వానాకాలం ఖాళీగా తిరిగేవాడు. కామెర్లతో పోయాడు. దినాలు అయిన వారానికే ఆఫీసు నుంచి కబురు వచ్చింది, ప్లాంటేషన్‌లో కూలిపనికి రావచ్చని. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. ఆలోచించడానికి ఏముంది, వెళ్లాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ పనే చేశాను.

ఆ పని ఎట్లా ఉంటుందో ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు తెలియదు. మొక్క నాటాక మూడు వానాకాలాలు దాన్ని చూసుకోవాలి. చుట్టూ మూరెడు మేర గడ్డి చెక్కేయాలి, మట్టి గుల్ల చేయాలి, పళ్లెంలా పాదు కట్టాలి, ఇంత ఎరువు వేయాలి. మా చేతిలో దోకుడుపార ఉంటుంది. పొట్టి కర్రకు వెడల్పాటి ఇనుప రేకు. కూర్చుని నేలను గీసుకుంటూ పోతే గడ్డి వేళ్లతో సహా లేచి వస్తుంది. మొక్క చుట్టూ నేల ఎర్రగా, బోడిగా కనబడితే సార్లు సంతోషపడతారు. గడ్డి కనబడితే హాజరు కొట్టేస్తారు.

మేం పదిమంది ఆడవాళ్లం. నేను గ్యాంగుకు మేస్త్రిని. నాకంటే పెద్దామె ఒకామె ఉండేది, ఆమెను పెద్దవ్వ అనేవాళ్లం. ఆమె నోటికి జడిసి సార్లు కూడా పక్కనుంచి పోయేవాళ్లు.

ఒక భాద్రపదంలో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక మేడం వచ్చింది. కాలేజీలో చెట్ల పాఠాలు చెప్తుందట. ఊరు జనగామ. కాళ్లకు రబ్బరు బూట్లు, మెడలో దారానికి కట్టిన చిన్న భూతద్దం. వెంట మా బీటాఫీసరు. ఆయనది డోర్నకల్, తండ్రి రైల్వేలో చేసేవాడు, ఈయనకు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. మూడు రోజులుగా ఆమెను అడవంతా తిప్పి అలసిపోయి ఉన్నాడు. ఇద్దరూ మా దగ్గర కూలబడ్డారు. మేడం సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఎండబెట్టి అంటించిన గడ్డికి ఫోటో తీసిన కాగితం అది.

"ఇది ఎక్కడన్న చూసిండ్రా అమ్మా?" అని అడిగింది.

పెద్దవ్వ కాగితం వైపు చూడను కూడా లేదు. "గడ్డి కోసం గింత దూరమొచ్చినవా బిడ్డా? ముందుగాల ఒక్క మాట చెప్తే మా ఇంటెనక మోపు కట్టి పెడుదును గద."

అందరం నవ్వాం. మేడం కూడా నవ్వింది.

"ఈ గడ్డి ఇప్పుడు లేదవ్వా. తెల్లదొరల కాలంల ఒకాయన ఈ అడవిలనే కోసిండు. తర్వాత ఎంతమంది వెతికినా దొరకలే. భూమ్మీద ఒక్క పోచ గూడ మిగల్లేదని పుస్తకంల రాసిండ్రు. నాకే ఎందుకో నమ్మబుద్ధి కాలే."

నేను కాగితం తీసుకుని చూశాను. గింజకు పొడుగాటి వెంట్రుక ఒకటి ఉంది. సగందాకా నిటారుగా వచ్చి అక్కడినుంచి వంగింది. ఈగ కూర్చుని కాళ్లు రుద్దుకుంటుంది చూడండి, ఆ కాలులా.

"గిది ఈగకాలు గడ్డి గద మేడం," అన్నాను. "లేకపోవుడేంది? మేం రోజు దాని మీద కూసోనే సద్ది తింటం."

బీటాఫీసరు నా వైపు కోపంగా చూశాడు. "అవ్వా, తమాష చెయ్యకు. మేడం మూడు దినాల సంది తిరుగుతున్నది."

"తమాష ఏంది సారూ. దాని ముండ్లు గుచ్చుకోని కూసున్న కాడ దురద. ఈళ్లను అడుగు."

అడిగాడు. పదిమందీ అవునన్నారు. పెద్దవ్వ దురద ఎక్కడెక్కడో కూడా చెప్పింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మా సద్దులు తినే చోటు ప్లాంటేషన్ పైన ఒక పరుపుబండ. ఇల్లంత వెడల్పు, కొంచెం వాలుగా ఉంటుంది. వానాకాలం దాని మీద సన్నగా నీళ్లు జాలువారుతూనే ఉంటాయి. బురద ఉండదు, చీమలుండవు, అందుకే అక్కడ కూర్చునేవాళ్లం. బండకు నడుమ ఒక పల్లం, అందులో అరచేతి మందం మట్టి. ఆ మట్టి మీద నాచు, చిన్న చిన్న నీలం పూల మొక్కలు, దోమలు అతుక్కుపోయే ఎర్రటి జిగురు మొక్కలు. వాటి మధ్య రెండు మంచాలు పట్టే జాగాలో ఈగకాలు గడ్డి. నలభై దుబ్బులు ఉంటాయేమో. ఇంకెక్కడా లేదు. బండ కిందివైపు గుంతల్లో అక్కడక్కడ మొలిస్తే మేమే పీకేసేవాళ్లం.

మేడం భూతద్దం కంటికి పెట్టుకుని బోర్లా పడుకుంది. చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు కుర్తా ముందంతా నాచు. ముఖం తుడుచుకుంది. చెమటో ఇంకేదో నేను అడగలేదు.

ఇన్నేళ్లు ఎందుకు దొరకలేదో ఆమెకు అప్పుడు అర్థమైంది, మాకు చెప్పింది. చదువుకున్నవాళ్లు దారులు ఆరాక, చలికాలంలో వస్తారు. ఈ గడ్డి వానతో మొలిచి రెండున్నర నెలల్లో గింజ రాల్చి పోతుంది. దీపావళికి దాని పొట్టు కూడా ఉండదు. ఆ రెండున్నర నెలలూ అడవిలో ఉండేది మేం, పాములు.

ఆమె ఫోన్లో ఫోటోలు తీసింది, ఒక్క పోచ కూడా తెంపలేదు. ఉన్నవే కొద్ది అని. ఫోటో చూసి ఎవరూ ఒప్పుకోరట. వాళ్ల పెద్ద సారు ఒకాయన ఉన్నాడు, గడ్డి సంగతిలో ఆయన మాటే మాట. ఆయన వచ్చి బతికున్న గడ్డిని, విచ్చిన పూతను చూసి అవునంటేనే లెక్క. బతుకమ్మ మొదలయ్యేలోపు ఆయనను తీసుకొస్తానన్నది. వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, మీ బిడ్డ లెక్క చూసుకోండ్రి. మీ మీదనే వదిలిపోతున్న."

అప్పటిదాకా ఆఫీసు వైపు మనిషి ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు.

బీటాఫీసరు రెండు రోజులాగి వచ్చాడు. "పెద్దోళ్లొస్తున్నరు అవ్వా. రేంజరు సారు గూడ వస్తడు. జర నీట్‌గ ఉండాలె. రాళ్లకు సున్నం కొట్టుండ్రి."

ఇక చూసుకోండి నా పని. గ్యాంగులో ఎవరినీ ముట్టనివ్వలేదు, మొత్తం నేనే చేశాను. ఆ నాచు, నీలం పూలు, జిగురు మొక్కలు, అన్నీ కలిసి గొంగడిలా అల్లుకుని ఉన్నాయి. దోకుడుపార అంచు కిందికి దూర్చి లేపితే చాపలా లేచి వచ్చాయి. చుట్టి బండ కిందికి విసిరేశాను. గడ్డి దుబ్బుల మధ్య మట్టిని గుల్ల చేశాను. దుబ్బు దుబ్బుకూ గిన్నెంత పాదు కట్టాను. మా ఇంటి పెంటకుప్ప నుంచి మాగిన ఎరువు రెండు తట్టలు నెత్తిన మోసుకొచ్చి పిడికెడు పిడికెడు వేశాను. చుట్టూ రాళ్లు పేర్చి సున్నం కొట్టాను.

పక్క గూడెంలో మేకలు కాచే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆ వాలులో మేకలు తోలుకుపోతూ ఆగి చూశాడు. "ఏం పండిస్తున్నవ్ అక్కా, బండమీద?" అని అరిచాడు.

"నీకు పెట్టకుండ తింటగని పో," అన్నాను.

పెద్దవ్వ వచ్చి నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "నీ బిడ్డ పెండ్లికి గూడ గింత ముస్తాబు చెయ్యలేదు గదనే," అన్నది.

నిజం చెప్తున్నాను, ఆ సాయంత్రం ఇంటికి పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఇరవై ఏళ్లలో అంత అందమైన పాదు నేను కట్టలేదు.

మరునాడు పొద్దుగూకే ముందు వాన పడింది. గంటసేపు, అంతే. పెద్ద వాన కూడా కాదు.

తెల్లారి వెళ్లి చూస్తే సున్నం రాళ్లు గుండ్రంగా ఉన్నాయి. లోపల నల్లటి బండ. కడిగి బోర్లించిన పెనంలా ఉంది. మట్టి లేదు, ఎరువు లేదు, ఒక్క దుబ్బు లేదు. నేను విసిరేసిన ఆ గొంగడి ఉన్నన్నాళ్లూ అది మట్టిని పట్టుకుని ఉంది, మట్టి గడ్డిని పట్టుకుని ఉంది. నేను పట్టు విడిపించాను, వాన కడుక్కుపోయింది. ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు నాకు ఏమీ తోచలేదు. బండ మీద కూర్చున్నాను. ఆ రోజు దురద పెట్టలేదు.

బీటాఫీసరుకు చెప్పాను. ఆయన ముఖం చూసి నాకే జాలేసింది.

"నా నౌకరి ఇంక పర్మనెంటు గూడ కాలేదవ్వా," అన్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. "మేకలు మేసినయని చెప్దాం."

"సున్నం రాళ్లు?"

"తీసెయ్యుండ్రి."

తీసేశాం. నేనూ మోశాను. చూడండి, పాదు చేసింది తెలియక. రాళ్లు మోసింది తెలిసి. మీరు నా మొదటి తప్పు చేయకపోవచ్చు, రెండోది చేసే రోజు మీ ఉద్యోగంలో తప్పకుండా వస్తుంది.

పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, ముందు రోజు వాళ్లొచ్చారు. మేడం, రేంజరు సారు, ఆ పెద్ద సారు. పెద్ద సారు బక్కగా, ముసలిగా ఉన్నాడు, భుజాన గుడ్డసంచి. మేడం దారి పొడుగునా ఆయనకు చెప్తూనే వచ్చింది. బండ ఎక్కి నిలబడింది. మాట ఆగిపోయింది.

"మేకలు మేసినయి మేడం," అన్నాడు బీటాఫీసరు. ఆమె వైపు చూడకుండా అన్నాడు.

రేంజరు సారు కేకలు పెట్టి మేకల ముసలాయనను పిలిపించాడు. ఆయన గొంగడి భుజాన వేసుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా మేకలు గీ బండ మీదికి రావు సారూ. జారుడుంటది. కాళ్లిరుగుతయని నేనే రానియ్య."

"మరి ఎవడు మేసిండు, నువ్వా? మేకలన్నిటిని తోలుకపోయి కేసు రాస్త. మీ గూడెంకు మొత్తం మేపుడు బంద్. అర్థమైందా?"

ఆయనకు ఆ మేకలే బతుకు. గూడెంలో చాలామందికి అంతే. మేడం ఆయన ముందుకు వచ్చింది. "ఏం పోయిందో తెలుసా తాతా నీకు? దునియాల ఇంకెక్కడ లేదది."

"గడ్డే గద తల్లీ," అన్నాడు ఆయన. తర్వాత తల తిప్పి నా వైపు చూశాడు.

ఆయన అన్నీ చూశాడు. ఎరువు తట్ట చూశాడు, సున్నం డబ్బా చూశాడు. ఒక్క మాట అంటే ఆయన మేకలు ఆయనకు ఉంటాయి. అనలేదు. చూపు దించుకుని కాలి బొటనవేలితో బండను రాస్తూ నిలబడ్డాడు. ఎందుకు అనలేదో నేను తర్వాత కూడా అడగలేదు. మొగుడు పోయినదాని కూడు ఎందుకు చెడగొట్టాలనుకున్నాడేమో.

పెద్దవ్వ వెనకనుంచి నా నడుం గిల్లింది. "నోరు మూసుకో. పది ఇండ్లున్నయ్ నీ ఎనక," అన్నది నా చెవిలో.

ఆ మాట కూడా నిజమే. గ్యాంగు మొత్తాన్ని తీసేస్తే ఆ ఏడాది పది ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమే. మేకలాయన బొటనవేలు రాయడం ఆపలేదు. అది చూడలేకపోయాను.

"మేకలు కాదు సారూ. నేనే," అన్నాను. "పాదు చేసిన. ఎరువేసిన. వానకు కొట్టుకపోయింది. గ్యాంగోళ్లు ఎవ్వలు చెయ్యి పెట్టలే, నేనొక్కదాన్నే."

సున్నం సంగతి, రాళ్లు ఎవరు తీయమన్నారన్న సంగతి నేను చెప్పలేదు. రేంజరు సారు బీటాఫీసరు వైపు తిరిగి చూశాడు. చెప్పకపోయినా తెలిసింది.

మేడం బండ మీద కూర్చుండిపోయింది. "అవ్వా, చూసుకోమని చెప్పిన గద," అన్నది.

"చూసుకున్న మేడం. చూసుకున్నందుకే పోయింది."

అప్పటిదాకా నోరు విప్పని పెద్ద సారు నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు ఆయన ముఖంలో. దవాఖానలో డాక్టరు అడిగినట్టు అడిగాడు.

"పాదు చేసినప్పటికి గింజ రాలిందా అమ్మా?"

"సగం రాలింది సారూ. సగం ఎన్నుకే ఉండె."

"ఆ మట్టి ఎటు కొట్టుకుపోయింది?"

ఆ ప్రశ్న అంతసేపట్లో ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. కానీ జవాబు నాకు తెలుసు. ఆ బండ మీది నీళ్లు ఎటు దిగుతాయో తెలిసే నాలుగు ఎండాకాలాల కింద మేం దాని దిగువన కందకం తవ్వాం, ప్లాంటేషన్ కోసుకుపోకుండా. తీసుకెళ్లి చూపించాను. కందకం అడుగున బెత్తెడు ఒండ్రు పేరుకుని ఉంది. పైన నా ఎరువు తేలుతున్నది.

పెద్ద సారు వంగి చూశాడు. "దీన్ని ఎవరూ ముట్టొద్దు. వచ్చే వానాకాలం దాకా చూద్దాం," అన్నాడు.

తిరిగి వస్తుంటే మేకలాయన బాట మీద నా వెనక చేరాడు. "పాదు మాత్రం మంచిగ కట్టినవ్ అక్కా," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు తల్చుకుంటే వస్తుంది.

ఆ వారమే నన్ను పనిలోంచి తీసేశారు. గ్యాంగును ఉంచారు. పెద్దవ్వ మేస్త్రి అయింది. ఆమె నాతో రెండు నెలలు మాట్లాడలేదు. బీటాఫీసరుకు మెమో ఇచ్చారని విన్నాను. నేను పాలకుర్తి దగ్గర మా అక్క ఊరికి వెళ్లి పత్తి ఏరాను. పొద్దున్నే ఆటోలో పదిమందిమి కూరుకుని పోవడం, పొద్దుగూకితే రావడం. పత్తి పనిలో ఒక సుఖం ఉంది. దేన్నీ బిడ్డలా చూసుకోమని ఎవరూ అనరు.

మళ్లీ వానలు పడ్డ పదిహేను రోజులకు ఫోన్ వచ్చింది. బీటాఫీసరు.

"అవ్వా, జర రావాలె. మేడం పరేషాన్ అయితున్నది."

"నేనొస్తే ఇంకింత పరేషానయితది సారూ."

"నీ కాళ్లు మొక్కుత, రా అవ్వా."

వెళ్లాను. కందకం పచ్చగా ఉంది. ఒండ్రులో మొలకలు సందు లేకుండా లేచాయి. తుంగ, గరిక, చిప్పర, పేరు లేనివి, అన్నీ. కందకంలో అప్పటికే ఒక మూలన నీళ్లు నిలుస్తున్నాయి. పెద్ద వాన ఒక్కటి పడితే నడుం లోతు నిండుతుంది. బండ మీద పలుచటి తడిలో బతికే గడ్డి అది, మునిగితే కుళ్లిపోతుందట. దాన్ని ఏరి పైన బండ మీద, పల్లం అంచుల్లో నా చేతికి చిక్కకుండా మిగిలిన నాచు ముక్కల్లో పెట్టాలి. ఏది ఆ గడ్డో తెలిస్తేనే కదా పెట్టేది.

మేడం పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. పూత వస్తే ఆమె చెప్పగలదు. రెండాకుల వయసులో దాని ముఖం ఎట్లా ఉంటుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఆకాశం మబ్బు పట్టి ఉంది.

నేను కందకంలోకి దిగాను. చెప్పుకోవడానికి పెద్ద విద్యేమీ కాదు. ఈగకాలు గడ్డికి మొదటి ఆకు నేలకు అతుక్కుని ఉంటుంది, రెండోది పక్కకు తిరుగుతుంది. కాడ మొదట్లో గోరింటాకు పెట్టి కడిగినంత ఎరుపు. చిప్పరకూ ఆ ఎరుపు ఉంటుంది, కాని పట్టుకుంటే గరుకు. ఇది వేలికింద నూలుపోగులా జారుతుంది. ఒకటి చూపించాను. ఇంకొకటి చూపించాను.

"గిదే అని ఎట్ల చెప్తున్నవ్ అవ్వా?" అన్నది మేడం.

"ఇరవై ఏండ్లు పీకిన మేడం."

పదకొండు దొరికాయి. ఒక్కోదాన్ని చుట్టూ ఉన్న మట్టిగడ్డతో సహా చెంచాతో లేపాం. పక్కన రెండు తుంగ మొలకలు అంటుకుని ఉంటే నా వేళ్లు వాటంతట అవే వెళ్లాయి తీసేయడానికి. మేడం నా మణికట్టు పట్టుకుంది. పదకొండూ బండ మీదికి ఎక్కాక వాన మొదలైంది. ఇద్దరం తడుస్తూ చూస్తూ నిలబడ్డాం. నాచు కదల్లేదు.

ఆరు బతికాయి. భాద్రపదంలో పూత విచ్చింది. పెద్ద సారు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దంతో పొద్దెక్కేదాకా చూశాడు. పాత కాగితంతో పోల్చుకున్నాడు. భూతద్దం జేబులో పెట్టుకుని "ఉంది," అన్నాడు. అంతే అన్నాడు. మేడం ఈసారి అందరి ముందే ఏడ్చింది.

పేపర్లో వచ్చింది. మేడం ఫోటో, రేంజరు సారు ఫోటో, గడ్డి ఫోటో. నాది లేదు. పెద్దవ్వ అప్పటికి మాటలు కలిపింది. "నీ మొఖం ఎయ్యకపోవుడే మంచిగైంది. చూస్తే గా గడ్డి మళ్ల పోతుండె," అన్నది.

మేడం పట్టుబట్టి నన్ను మళ్లీ పనిలో పెట్టించింది. బండకు వాచరు. మనుషులను, పశువులను రానివ్వకూడదు. అన్నిటికంటే ముందు నన్ను నేను రానివ్వకూడదు. కష్టమైన పని అది, మీకు తెలియదు. కళ్లముందు తుంగ లేస్తుంది, గరిక పాకుతుంది, వేళ్లు దురదపెడతాయి. చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేదాన్ని. మేకలాయన దూరం నుంచి, "పంట ఎట్లున్నదక్కా?" అని అరిచేవాడు.

నేను వాచరునైన రెండో వానాకాలం ఒక పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చినాయన. బండ మీదికి వచ్చి ముఖం చిట్లించాడు.

"ఏందిది, గింత చెత్త పెరిగింది? ఎల్లుండి పట్నం నుంచి పెద్దలొస్తున్నరు. ఆ గడ్డి ఒక్కటి ఉంచి మిగిలిందంత చెక్కించు. రాళ్లకు సున్నం కొట్టించు," అన్నాడు మా బీటాఫీసరుతో.

బీటాఫీసరు నా వైపు చూశాడు. నేను లేచి ఆ పల్లానికి అడ్డంగా నిలబడ్డాను.

"చెయ్య సారూ," అన్నాను.

"ఏమన్నవ్?"

"చెయ్య. ఎవ్వలను చెయ్యనియ్య."

ఇరవై ఏళ్ల పైన పనిచేశాను, ఆఫీసరుకు ఆ మాట అనడం అదే మొదలు. నా గొంతు మామూలుగానే మొరటు, ఆ రోజు ఇంకొంచెం పెద్దగా వచ్చింది.

"మరి నీ పనేంది ఇక్కడ?"

"గిదే సారూ."

ఆయన నన్ను చూశాడు, బండను చూశాడు. బీటాఫీసరు ముందుకు వచ్చి, "సార్, ఒకసారి చెక్కినం సార్. గడ్డి మొత్తం పోయింది. చెక్కించింది నేనే," అన్నాడు. పెద్దాఫీసరు ఇంకేమీ అనకుండా జీపు ఎక్కాడు. రెండు రోజులకు వచ్చిన పెద్దలు ఆ చెత్త మధ్యనే నిలబడి ఫోటోలు దిగి పోయారు.

జీపు పోయాక బీటాఫీసరు చెమట తుడుచుకుని మస్టరు తెరిచాడు. పెన్ను పట్టుకుని ఆగాడు.

"ఇయ్యాల ఏం పని చేసినవని రాయాలె అవ్వా?"

"ఏం చెయ్యలేదని రాయి."

"గట్ల రాస్తే నీ హాజరు పడది."

"మరి ఇన్ని దినాలు ఏం రాస్తున్నవ్?"

ఆయన నా ముఖం చూడకుండా ఆ గడి మీద వేలు పెట్టి చదివాడు. "కలుపు తీత."

నా మోకాళ్లు పోయి పని మానేసేదాకా అదే రాశాడు. ఇప్పుడు ఎవరైనా ఆ పుస్తకం తీసి చూస్తే, ఆ బండ మీద రెండు వానాకాలాలు నేను ఒక్కరోజు కూడా మానకుండా కలుపు తీసినట్టే ఉంటుంది.